నాకు ప్రాణమైన ఆల్బమ్‌కి నాలుగు మార్కులా!

పోయినసారి ఈ శీర్షికలో, తోటి అభిమానులు రాసే ఆల్బమ్ రివ్యూలు చదివినప్పుడు మీకు ఏమనిపిస్తుందో రాయమని అడిగాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మంది కోపంగా ఉన్నారు, మిగతా సగానికి సందేహాలున్నాయి. రెండు రకాలూ కలిపి కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. వరసేమీ పెట్టుకోలేదు.

ప్రశ్న: అక్కా, మేం ఎనిమిది మంది స్నేహితులం నెలకో ఆల్బమ్ ఎంచుకుని, ఎవరికి వాళ్లం విని, ఒక పేజీ రాసి ఒకరికొకరం చూపించుకుంటాం. ఈ నెల నా వంతు వచ్చింది. నాకు ప్రాణమైన ఆల్బమ్ ఇచ్చాను. మావాడొకడు పదికి నాలుగు వేసి 'మధ్యలో నిద్రొచ్చింది' అని రాశాడు. ఆ రాత్రి నాకు నిజంగానే నిద్ర పట్టలేదు. రెండు పేజీల జవాబు రాసి, పొద్దున్నే చించేశాను. చించడం మంచిదైందా, ఇవ్వాల్సిందా?

జవాబు: చించడమే మంచిదైంది తమ్ముడూ. ఆ రెండు పేజీలూ ఒకసారి గుర్తు తెచ్చుకో, అందులో ఆల్బమ్ గురించి ఎంత ఉంది, మీవాడి గురించి ఎంత ఉంది? కోపంలో రాసే జవాబుల్లో పాట గురించి రెండు లైన్లే ఉంటాయి, మిగతాదంతా అవతలి మనిషి చెవుల మీద తీర్పే.

నాకు జరిగింది చెప్తాను. ఒకావిడ పాడిన ఆల్బమ్ ఒకటి ఐదారేళ్లుగా వింటున్నాను, ప్రతి పాటా కంఠతా వచ్చు. ఎవరో ముక్కూమొహం తెలియని అభిమాని దాని మీద రాసిన రివ్యూ చేతికొచ్చింది. అందులో, 'నాలుగో పాట రెండో చరణంలో పైస్థాయి అందుకునే ముందు గాయని అలసిపోయింది, ఊపిరి వినిపిస్తోంది, ఇంకో టేక్ తీసుకోవాల్సింది' అని ఉంది. మూడు రోజులు రగిలిపోయాను. నాలుగో రోజు రాత్రి, ఇంట్లో అంతా పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లైటార్పేసి సరిగ్గా ఆ చోటికి వెళ్లి విన్నాను. ఉంది! మెట్లెక్కుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగి తీసుకునే ఊపిరి ఎలా ఉంటుందో అలా, చాలా చిన్నది. దాని తర్వాత వచ్చే స్వరం కూడా తిన్నగా పైకి వెళ్లదు, కొంచెం కిందనే తగిలి, ఆ తర్వాత సర్దుకుని నిలబడుతుంది. ఇన్నేళ్లుగా అది నాకు వినపడనే లేదు. ఆయనకి అది లోపం. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ పాట ఇంకా దగ్గరైపోయింది, ఎందుకంటే అక్కడ ఒక మనిషి ఉందని తెలిసింది. ఇద్దరం విన్నది ఒకటే, తేల్చుకున్నది వేరు. కానీ ఆ ఊపిరి నాకు చూపించింది ఆయనే కదా! ఆ మాటే రెండు లైన్లు రాసి పంపాను.

కాబట్టి మీవాడిని ఒక్క ప్రశ్న అడుగు: 'ఎక్కడ నిద్రొచ్చింది?' ఏ పాట, ఏ నిమిషం. చెప్పగలిగితే ఆ చోటికి వెళ్లి ఇద్దరూ కలిసి వినండి. వరసగా మూడు నెమ్మదిపాటలు పడ్డాయేమో, అన్నింటికీ ఒకటే తాళమేమో. చెప్పలేకపోతే ఆ నాలుగు మార్కులు ఆ రోజు వాడి అలసటకి పడ్డవి, వదిలేయ్. ఇంకో సంగతి, 'నిద్రొచ్చింది' అనేది అన్నిచోట్లా తిట్టు కూడా కాదు. 1978లో బ్రయన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారుడు విమానాశ్రయాల కోసమని ఒక ఆల్బమ్ చేశాడు. వేర్వేరు పొడవున్న టేపు ముక్కలు చుట్టూ చుట్టూ తిరుగుతూ ఒక్కోసారి ఒక్కోరకంగా కలుస్తుంటాయి, అంతే. ఇలాంటి సంగీతం శ్రద్ధగా వింటే ఆసక్తిగా ఉండాలి, పట్టించుకోకపోయినా ఇబ్బంది పెట్టకూడదు అని ఆయనే ఆ ఆల్బమ్ కవర్ మీది మాటల్లో రాశాడు. అలాంటిదానికి 'ఏమీ జరగలేదు, నిద్రొచ్చింది' అని మార్కులు కోసిన రివ్యూలు నేను చదివాను. కుర్చీని పట్టుకుని ఇది పరిగెత్తట్లేదు అన్నట్టుంటుంది.

మార్కులు చూసి నీ ఆల్బమ్‌కి ఏదో అయిపోతుందన్న భయం అక్కర్లేదు. లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం మొదటి ఆల్బమ్ 1969లో వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని బాగా దులిపేసింది. 2003లో అదే పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేస్తే అందులో దానికి 29వ స్థానం. మధ్యలో ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు. అంత పెద్ద పత్రిక మాటే ఆల్బమ్‌ని ఏమీ చెయ్యలేకపోయింది, మీవాడి నాలుగు ఏం చేస్తుంది చెప్పు?

ప్రశ్న: పదికి ఇన్ని అని మార్కులు వెయ్యడం అసలు అవసరమా?

జవాబు: నాకు అవసరం లేదండీ. మార్కులు చూడగానే చాలామంది కింద రాసింది చదవరు, అదొక్కటే నా బాధ. వెయ్యాలనిపిస్తే చివర్లో వెయ్యండి.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను నలభై ఏళ్లుగా కర్ణాటక సంగీతం వింటున్నవాణ్ణి. మా సంగీత మిత్రుల్లో ఒక కుర్రాడు జాజ్ ఆల్బమ్ మీద నాలుగు పేజీల పొగడ్త రాసిచ్చాడు. పిల్లవాడి ముచ్చట కాదనలేక విన్నాను. నాకు ఎవరి మానాన వాళ్లు వాయించుకుంటున్నట్టే ఉంది. 'నాకు అర్థం కాలేదు' అని రాయనా, 'బాలేదు' అని రాయనా?

జవాబు: నమస్కారం అండీ. 'అర్థం కాలేదు' అని రాయండి. నలభై ఏళ్లు విన్న మనిషి ఆ మాట రాస్తే దానికి గౌరవమే తప్ప తక్కువేమీ లేదు. 'బాలేదు' అంటే తలుపు వేసేసినట్టు, ఆ కుర్రాడు ఇంకో ఆల్బమ్ తెచ్చి ఇవ్వడానికి జంకుతాడు.

ఆ ఆల్బమ్ పేరు మీరు ఉత్తరంలో రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. దానికి ముందు చాలా జాజ్‌లో కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, గబగబా మారిపోతుంటే వాటి వెంట పరిగెడుతూ వాయించేవాళ్లు. ఇక్కడ డేవిస్ ఆ పరుగు ఆపేసి, కొన్ని స్వరాల వరస ఇచ్చి, దాని మీద మీకు తోచింది వాయించండి అన్నాడు. మొదటి ట్రాక్ మళ్లీ పెట్టండి. తాళం లేకుండా పియానో, బేస్ (కింది స్థాయిలో మోగే పెద్ద తీగవాద్యం) కలిసి చిన్న ప్రారంభం చేస్తాయి. తర్వాత బేస్ ఒక ప్రశ్న వేసినట్టు పలుకుతుంది, మిగతావాళ్లు రెండే రెండు దెబ్బల్లో జవాబిస్తారు. అక్కడి నుంచి ఒక్కో ఆవర్తం 32 బార్లు, ఒక్కో బార్ అంటే నాలుగు దెబ్బల లెక్క. మొదటి 16 బార్లలో వాళ్లు వాడే స్వరాలు ఏవో తెలుసాండీ? మన ఖరహరప్రియ రాగంలోని స్వరాలే. వాళ్లు దాన్ని డోరియన్ అంటారు. తర్వాత 8 బార్లు అవే స్వరాలు, శ్రుతిపెట్టెని ఒక్క అర మెట్టు పైకి జరిపినట్టు, మొత్తం పైకి వెళ్తాయి. చివరి 8 బార్లు మళ్లీ మొదటి శ్రుతికి దిగొస్తాయి. అంతే, ఆ 32 పూర్తయితే మళ్లీ మొదలు. పైకి జరిగే ఆ చోటు మీలాంటివారికి రెండోసారికే పట్టుబడుతుంది. అది పట్టుబడ్డాక ఎవరి మానాన వాళ్లు వాయించడం లేదని, అందరూ ఒకే ఆవర్తం లెక్కలో ఉన్నారని తెలిసిపోతుంది.

దీన్ని రాగం అనకండి, మనకి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, లేని ఖరహరప్రియ ఖరహరప్రియ కాదు. వాళ్లు గమకాన్ని వెతకట్లేదు, ఖాళీని వెతుకుతున్నారు. డేవిస్ ట్రంపెట్ రెండు స్వరాలు వేసి ఎంతసేపు ఊరుకుంటాడో గమనించండి. ఆ వెంటనే జాన్ కోల్ట్రేన్ శాక్సొఫోన్ వచ్చి ఆ ఖాళీని ఎలా నింపేస్తాడో కూడా. ఒకరి తర్వాత ఒకరి స్వభావం బయటపడుతుంది, అప్పటికప్పుడు ఊహించి పాడే మనోధర్మం అంటే అదే కదా మనకి. ఇంత చెప్పాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, కానీ 'పైకి జరిగే ఆ 8 బార్ల దగ్గర నాకు ఇలా అనిపించింది' అని రాయండి. కుర్రాడు మీ కాగితం దాచుకుంటాడు.

ప్రశ్న: నేను మెటల్ వింటాను, అదే, గట్టి గిటార్లు, డ్రమ్స్, గరగర గొంతుల రాక్ సంగీతం. అమ్మాయివి, నీకు ఇదేం పిచ్చి అని ఇంట్లో అంటారు, అది అలవాటైపోయింది. కానీ సంగీతం బాగా తెలిసిన స్నేహితురాలే నేను రాసిన రివ్యూ చదివి 'ఇవి కేకలు, వీటికి రివ్యూ ఏంటి' అంది. చాలా బాధేసింది.

జవాబు: బాధేస్తుంది మరి. మనం ఇష్టపడి రాసినదాన్ని చదవకముందే కొట్టిపారేస్తే ఎవరికైనా బాధే. నీ పక్షాన నేనున్నాను.

మెటల్ నాకు అలవాటు చేసింది కూడా నీలాంటి అభిమాని రాసిన రివ్యూయే. 'మొదటి మూడుసార్లు గొంతు వదిలేయండి, డ్రమ్స్ ఒక్కటే వినండి' అని ఉంది అందులో. అలాగే విన్నాను. రెండు కాళ్లతో బేస్ డ్రమ్ మోగుతుంటే, చేతులు మాత్రం దానికి సగం వేగంలో తాపీగా నడుస్తున్నాయి. ఒకే మనిషి, రెండు నడకలు! నాలుగోసారి గొంతు దానంతట అదే ఆ రెండు నడకల మధ్య సర్దుకుపోయింది. అప్పుడు అర్థమైంది, ఆ గొంతు రాగం పాడటానికి రాలేదు, ఇంకో తాళవాద్యంలా వచ్చింది. ఆ గరగర కూడా ఊరికే అరిస్తే రాదు. స్వరతంత్రులకి కొంచెం పైన ఉండే మడతల్ని కదిలించి, ఊపిరిని అదుపులో పెట్టుకుని చెయ్యాలి. సాధన లేకుండా గొంతు చించుకుంటే ఒక్క పాటకే బొంగురుపోతుంది.

మీ స్నేహితురాలికి ఆల్బమ్ మొత్తం ఇవ్వకు. ఒక్క పాట, అందులో ఒక్క నిమిషం, 'ఇక్కడి నుంచి ఇక్కడిదాకా డ్రమ్స్ మాత్రమే విను' అని రాసివ్వు. ఆ తర్వాత కూడా కేకలే అంటే, తన చెవి ఇప్పటికి అక్కడిదాకే వచ్చిందని ఊరుకో. నువ్వు రాయడం మాత్రం ఆపకు తల్లీ.

ప్రశ్న: ఒకే ఆల్బమ్ మీద ఇద్దరి రివ్యూలు చదివాను. ఒకరు 'సౌండ్ అద్భుతం' అన్నారు, ఇంకొకరు 'చెవులు పోయాయి' అన్నారు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టే కదా?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఇద్దరూ విన్నది ఒకే ప్రతి అని మీకెలా తెలుసు?

పైన చెప్పిన 'కైండ్ ఆఫ్ బ్లూ'నే తీసుకోండి. మొదటి రోజు రికార్డింగులో టేపు యంత్రం ఉండాల్సిన వేగం కంటే కొంచెం నెమ్మదిగా తిరిగింది. సరైన వేగంతో తిరిగే యంత్రం మీద వేసేసరికి మొదటి వైపున్న మూడు ట్రాకులూ అసలు శ్రుతి కంటే కొద్దిగా పైకి వెళ్లిపోయాయి. 1992లో వచ్చిన ప్రతిలో సరిచేశారు. అంటే ముప్పై ఏళ్లకు పైగా జనం విని ప్రేమించింది ఆ పైకెక్కిన శ్రుతినే. పాత ప్రతి విన్నవాళ్లూ కొత్తది విన్నవాళ్లూ వాదించుకుంటే ఇద్దరి చేతిలోనూ సాక్ష్యం ఉంటుంది.

ఇంకోటి, 2008లో మెటాలికా అనే మెటల్ బృందం 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు అభిమానులే పట్టుకున్నారు ఈ సంగతి. అన్నీ ఒకే గట్టిదనంతో వినపడేలా నొక్కేసి మాస్టరింగ్ (విడుదలకి ముందు శబ్దాన్ని చివరిసారి సర్దే పని) చెయ్యడంతో దెబ్బ పడినచోటల్లా శబ్దం చిరిగిపోతోందని. అవే పాటలు 'గిటార్ హీరో' అనే వీడియోగేమ్‌లో వస్తే వాటిలో ఆ నొక్కుడు లేదు, డ్రమ్స్‌కి ఊపిరాడుతోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించి, మళ్లీ మిక్స్ చెయ్యమని వేలమంది సంతకాలు పెట్టారు. ఏ పెద్ద విమర్శకుడూ చెప్పకముందే, మామూలుగా రోజూ వినేవాళ్లు చెవులతో తేల్చిన విషయం ఇది. అభిమానుల రివ్యూలంటే నాకున్న గౌరవంలో సగం ఇలాంటివాటి వల్ల వచ్చిందే.

అందుకే రివ్యూ పైన ఒక్క లైను రాయమని అందరినీ అడుగుతుంటాను. ఏ ప్రతి, దేని మీద విన్నారు, ఎన్నిసార్లు విన్నారు. ఫోన్ స్పీకర్ మీద విని 'బేస్ లేదు' అని రాసే రివ్యూకి జవాబు రాయాల్సిన పని ఉండదు అప్పుడు.

ప్రశ్న: భాష తెలియని ఆల్బమ్‌కి రివ్యూ రాయొచ్చా? సాహిత్యం అర్థం కాకుండా రాస్తే మోసం చేసినట్టుంటుందేమో అని టెన్షన్.

జవాబు: రాయొచ్చు. 'నాకు భాష రాదు' అని మొదటి వాక్యంలో చెప్పేస్తే మోసమేముంది? సిగుర్ రోస్ అనే ఐస్‌లాండ్ బృందం 2002లో ఒక ఆల్బమ్ తెచ్చింది. పేరు లేదు, అట్ట మీద రెండు బ్రాకెట్లు మాత్రం ఉంటాయి. ఎనిమిది పాటలకీ పేర్లు పెట్టలేదు. పాడింది ఏ భాషా కాదు, అర్థంలేని పలుకులు. లోపలి పుస్తకంలో పేజీలు ఖాళీ, విన్నవాళ్లు తమకి తోచిన మాటలు రాసుకోమని. ఆ ఆల్బమ్ మీద ఒక్కొక్కరు రాసినవి చదివితే, ఒకరికి అది చావు, ఇంకొకరికి మంచు, మరొకరికి అమ్మ. ఎవర్ని తప్పంటాం! కాకపోతే అసలు భాష ఉన్న ఆల్బమ్‌కి ఇలా చెయ్యకండి. గొంతు గురించి, వాద్యాల గురించి రాయండి, 'కవి భావం' జోలికి మాత్రం వెళ్లకండి. ఆ భాష వచ్చినవాళ్లు చదివితే నొచ్చుకుంటారు.

ప్రశ్న: కొత్త ఆల్బమ్ వచ్చిన రోజే రాత్రికల్లా రివ్యూలు రాసేస్తున్నారు. ఎన్నిసార్లు వింటే రాసే హక్కు వస్తుంది?

జవాబు: హక్కు అన్నది పెద్ద మాట. ఒక్కసారి విని రాసినా నాకు అభ్యంతరం లేదు, మొదటిసారి విన్నప్పటి ఉలిక్కిపాటు మళ్లీ రాదు కాబట్టి దాన్ని కాగితం మీద పెట్టడం మంచిదే. కానీ ఒకసారి విన్నానని రాయాలి, తీర్పు రాయకూడదు. నా మట్టుకు నేను నాలుగుసార్లు వింటాను. మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా, మొదటి పాట నుంచి చివరిదాకా, వరస మార్చకుండా. ఎల్పీ రికార్డులున్న కాలంలో ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలే పట్టేది. అందుకే ఒక వైపు ఏ పాటతో ముగియాలి, రెండో వైపు ఏ పాటతో తెరవాలి అని కూర్చుని ఆలోచించేవాళ్లు. పాటలు కలగాపులగం చేసి వింటే ఆ ఆలోచన మొత్తం గాల్లో కలిసిపోతుంది. మూడోసారికి నాకు మొదట్లో నచ్చిన పాట విసుగు పుట్టించడం, పట్టించుకోని పాట ఒకటి పైకి రావడం చాలాసార్లు జరిగింది. ఆ మార్పే రాయదగ్గ విషయం అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: మా మేనకోడలు ఒక ర్యాప్ ఆల్బమ్‌కి పదికి తొమ్మిదిన్నర వేసి, నన్ను చదివి ఏమనుకుంటున్నానో చెప్పమంది. అది కెండ్రిక్ లమార్ 'డ్యామ్'. నాకు అందులో పాట ఎక్కడుందో తెలియలేదు. పిల్లకి అబద్ధం చెప్పలేను, మనసు నొప్పించలేను.

జవాబు: అబద్ధం వద్దు. ముందు ఇది వినండి. 2018లో ఆ ఆల్బమ్‌కి సంగీతంలో అమెరికా వాళ్ల పెద్ద పురస్కారం, పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పటిదాకా ఆ బహుమతి శాస్త్రీయ సంగీతం, జాజ్ దాటి బయటికి రాలేదు. అయితే బహుమతి వచ్చిందని మీకు నచ్చాలని కాదు, మేనకోడలు ఏదో గాలివాటంగా మెచ్చుకోలేదని తెలియడానికి చెప్పాను.

పాట కోసం వెతక్కండి, మాట కోసం వెతకండి. పద్యంలో యతి, ప్రాస చెవికి తగిలినప్పుడు కలిగే ఆనందం మీకు తెలిసే ఉంటుంది. అలాంటిదే ఇక్కడా జరుగుతుంది. వేలితో బీట్ వేస్తూ ఒక్క నిమిషం వినండి. ఆయన వాక్యం బీట్ దగ్గర ఆగదు, దాటి వెళ్లి అవతల ఎక్కడో ఆగుతుంది, ప్రాస మాత్రం మధ్యలో పడుతుంది. గొంతు మార్చేస్తాడు, ఒక్కో పాటలో ఒక్కో మనిషిలా. ఇంకో ముచ్చట చెప్పనా, 2017 ఏప్రిల్‌లో అది విడుదలైన కొద్ది రోజులకే అభిమానులు దాన్ని చివరి పాట నుంచి మొదటి పాటకి వెనక్కి వింటే కథ వేరేగా నడుస్తోందని కనిపెట్టి రాశారు. నిజమే, అలా వినేలా చేసిందేనని ఆయనా ఒప్పుకున్నాడు, అదే ఏడు చివర్లో పాటల వరస తిరగేసిన ప్రతి కూడా విడుదల చేశారు. మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని చివరి పాట నుంచి మొదలుపెట్టండి, మధ్యమధ్యలో ఆపి మాటలు విడమరిచి చెప్పమనండి. తొమ్మిదిన్నర ఎందుకు వేసిందో తన నోటితోనే తెలుస్తుంది. అప్పటికీ మీకు పట్టకపోతే 'నువ్వు చెబుతుంటే బాగుంది, ఒక్కదాన్నే వింటే అందట్లేదు' అనండి. అందులో అబద్ధమూ లేదు, నొప్పీ లేదు.

ప్రశ్న: పదేళ్ల కిందట ఒక ఆల్బమ్‌ని చీల్చి చెండాడుతూ రాశాను. ఇప్పుడు అదే ఆల్బమ్ రోజూ వింటున్నాను. పాత కాగితం తీసేసి కొత్తది రాయాలనుంది.

జవాబు: తీసెయ్యొద్దండీ. తేదీ వేసి అలాగే ఉంచి, దాని కింద ఇప్పటిది రాయండి. గ్లెన్ గౌల్డ్ అనే పియానిస్టు, జర్మనీ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అనే రచనని 1955లో, ఇరవై రెండేళ్ల వయసులో రికార్డు చేశాడు. మొత్తం 38 నిమిషాల్లో, ఎవరో తరుముతున్నట్టు. దాంతోనే ప్రపంచమంతా పేరొచ్చింది. మళ్లీ 1981లో, అదే స్టూడియోలో, అదే రచన వాయించాడు. ఈసారి 51 నిమిషాలు. మొదట వచ్చే ఆరియా, అంటే ఆ రచనకి మూలమైన చిన్న బాణీ, ఒక్కటి విన్నా చాలు, అప్పట్లో రెండు నిమిషాల లోపే అయిపోయింది, ఇప్పుడు మూడు నిమిషాలు దాటింది. ఒక్కో స్వరం తర్వాత ఇంకోటి రావాలా వద్దా అని అడిగి మరీ రానిస్తున్నట్టుంటుంది, వెనక ఆయన కూనిరాగం కూడా వినిపిస్తుంది. 1982లో అది విడుదలైంది, అదే ఏడు అక్టోబరులో ఆయన పోయాడు. రెండిట్లో ఏది గొప్పదని ఈరోజుకీ వాదనలే. రెండూ ఉండబట్టే కదా మనకి ఆ ఇరవై ఆరేళ్లు వినిపిస్తున్నాయి! మీ రెండు కాగితాల మధ్య పదేళ్లున్నాయి. అప్పుడు ఏం వినపడలేదో, ఇప్పుడేం వినపడుతోందో రాస్తే, నేనైతే ఏ ఆల్బమ్ రివ్యూ కంటే ముందు దాన్ని చదువుతాను.

ప్రశ్న: స్నేహితుడే సొంతంగా ఆల్బమ్ చేసి రివ్యూ రాయమన్నాడు. బాలేదు.

జవాబు: నలుగురికీ చూపించే రివ్యూ రాయకండి, ముందు ఆయనతో ఎదురుగా కూర్చుని చెప్పండి. ఒక్క పాట ఎంచుకుని, పని చేసిన చోటొకటి, చెయ్యని చోటొకటి. మొత్తం ఆల్బమ్ మీద మాట మొదటి రోజు వద్దు.

ప్రశ్న: అందరికీ చెబుతున్నారు సరే, మీరు ఈమధ్య ఎవరి రివ్యూ చదివి మీ అభిప్రాయం మార్చుకున్నారు మేడమ్?

జవాబు: పోయిన నెలే. ఇళయరాజా 1986లో చేసిన 'హౌ టు నేమ్ ఇట్' మీద ఒక పాఠకుడు పంపిన మూడు పేజీలు. పాటలు లేని ఆల్బమ్ అది, త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చారు. చిన్నప్పటి నుంచి వింటున్నాను, ఎప్పుడూ వి.ఎస్. నరసింహన్ గారి వయొలిన్ వెంటే వెళ్లిపోయేదాన్ని, గమకాలు పట్టుకుని. ఆ పాఠకుడు రాసిందేమిటంటే, 'ఈసారి ఆ వయొలిన్‌ని వినకండి, అది ఎలాగూ వినపడుతుంది, కింద నడిచే తీగవాద్యాల్లో ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా దాన్నే అంటిపెట్టుకోండి' అని. కష్టంగా ఉందండీ. రెండు నిమిషాలకే చెవి పైకి జారిపోతోంది, మళ్లీ వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి. కానీ కింది గొంతుక తన దారిన తను ఒక పూర్తి రాగంలా నడుస్తోంది, పైదానికి తోడు కాదది. ఇదంతా ఇన్నేళ్లూ నా చెవి పక్కనే ఉందా అని ఆశ్చర్యపోయాను. ఇప్పటికి రెండు ట్రాకులే అయ్యాయి, మూడోది ఈ రాత్రికి పెట్టుకున్నాను.